గోదావరి జిల్లాలో పీఆర్వోగా చేరుతున్నవారికి: వరద బులెటిన్ నుంచి ఖండన దాకా

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "జర్నలిజంలో పీజీ చేశాను. సమాచార పౌర సంబంధాల శాఖలో సహాయ పీఆర్వోగా (సహాయ పౌర సంబంధాల అధికారిగా) కోనసీమ జిల్లాకు పోస్టింగ్ వచ్చింది. జులైలో చేరాలి. రోజూ పని ఏముంటుంది? ముందుగా ఏం నేర్చుకోవాలి? విలేకరులు ఫోన్ చేస్తే ఎంతవరకు చెప్పొచ్చు?"

సూటిగా చెప్తానండి. ఒక అంకెను చెప్పే అధికారం ఉన్న అధికారి దగ్గరే దాన్ని తీసుకోవాలి. అది ఏ గంటకు సంబంధించిందో రాయాలి. పై అధికారికి చూపించాలి. పత్రికల డెస్కులు పేజీలు కట్టేలోపు విలేకరి చేతిలో పెట్టాలి. మీ పనిలో పెద్ద భాగం ఇదే. భాష, ఫొటో, హెడ్డింగ్ ఆ తర్వాత చూసుకోవచ్చు. జులైలో కోనసీమలో అడుగుపెడుతున్నారు కాబట్టి మిగతావన్నీ పక్కనపెట్టి ముందు వరద బులెటిన్ నేర్చుకోండి. ఇక ఫోన్ల సంగతి: జరిగిపోయి, రికార్డుకు ఎక్కిన విషయం చెప్పొచ్చు. జరగబోయేదేమిటో, ఎందుకు జరిగిందో, తప్పెవరిదో మీ నోటితో చెప్పకూడదు.

రోజు ఎలా గడుస్తుందో ఒక్క పేరాలో చెప్పేస్తాను. తెల్లవారగానే జిల్లా పేజీలన్నీ చూసి, శాఖలవారీగా క్లిప్పింగులు తీసి, కలెక్టర్ గారు టిఫిన్‌కి కూర్చునేలోపు పంపాలి. పది తర్వాత సమావేశాలు, పర్యటనలు, సోమవారమైతే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. మధ్యాహ్నం నుంచి ప్రెస్ నోట్లు. సాయంత్రం ఫోన్లు. శాఖాపరంగా మీరు రాష్ట్ర కార్యాలయానికి జవాబుదారు, రోజువారీ పనికి కలెక్టర్‌కు. ఈ రెండు చోట్ల నుంచి ఒకేసారి రెండు రకాల ఆదేశాలు వస్తే సొంతంగా తేల్చుకోవద్దు, జిల్లా పౌర సంబంధాల అధికారి(డీపీఆర్వో)కి చెప్పండి. ఆయన పని అది.

ఇప్పుడు వరద. కింద రాసిన అంకెలు కంఠతా రావాలి. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర మొదటిది 11.75 అడుగులు లేదా 10 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు), రెండోది 13.75 అడుగులు లేదా 13 లక్షలు, మూడోది 17.75 అడుగులు లేదా 17 లక్షలు. ఈ రెండూ వేర్వేరు గేజీలు (నీటిమట్టం కొలిచే కొలబద్దలు), వాటి సున్నాలు వేరు. "భద్రాచలంలో 50 అడుగులుంటే ఇక్కడ 14 అడుగులేనా, తగ్గిపోయినట్టేగా" అని కొత్త విలేకరి తప్పకుండా అడుగుతాడు. గేజీ మీది రీడింగ్ నది లోతు కాదని, ఒక గేజీని ఇంకో గేజీతో పోల్చకూడదని ఓపిగ్గా చెప్పండి. ఏడాదికోసారి, వరదలకు ముందే, ఈ పట్టికను ఒక పేజీలో వేసి విలేకరులందరికీ పంపితే సగం ఫోన్లు తగ్గుతాయి.

భద్రాచలంలో తగ్గుముఖం పట్టింది కాబట్టి కోనసీమకు గండం గడిచిందని రాయకండి. దీనికి రెండు కారణాలున్నాయి. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. శబరి పొంగుతుంటే భద్రాచలం గేజీలో ఆ నీరు కనిపించనే కనిపించదు. పైగా ఎగువన తగ్గిన వరద ఇక్కడ వెంటనే తగ్గదు. ముందుగా వచ్చిన నీరు పోలవరం, ధవళేశ్వరం దాటి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లోకి దిగాలి. అదే సమయంలో అమావాస్య, పౌర్ణమి పోట్లు తగిలితే సముద్రం నీటిని తీసుకోదు, పల్లపు లంకల్లో (నది పాయల మధ్య దిబ్బల్లో) నీరు ఇంకొంతసేపు నిలబడిపోతుంది. బ్యారేజీ దగ్గర తగ్గుతున్న గంటల్లోనే కింద లంకలో మట్టం పెరుగుతుండటం ప్రతి పెద్ద వరదలోనూ జరిగేదే. అందుకని "తగ్గుతోంది" అని రాసిన ప్రతిసారీ ఎక్కడ తగ్గుతోందో రాయాలి.

బులెటిన్ నమూనా ఇలా పెట్టుకోండి, ఖాళీలు మాత్రం ప్రతి గంటా నింపుకోవాలి: "ధవళేశ్వరం, తేదీ, ఉదయం 9 గంటలకు. కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం __ అడుగులు. సముద్రంలోకి వదులుతున్న నీరు __ లక్షల క్యూసెక్కులు. డెల్టా కాలువలకు __ క్యూసెక్కులు. గత గంటతో పోలిస్తే పెరుగుతోంది / నిలకడగా ఉంది / తగ్గుతోంది. అమల్లో ఉన్న హెచ్చరిక __. తదుపరి బులెటిన్ __ గంటలకు." ఆఖరి వాక్యం వదిలేయొద్దు. తర్వాతి కబురు ఎప్పుడొస్తుందో తెలిస్తే విలేకరి మధ్యలో ఫోన్ చేయడు, లంకలో ఉన్న మనిషి పుకారు నమ్మడు.

ఈ అంకెలు ధవళేశ్వరం హెడ్‌వర్క్స్ (బ్యారేజీ నిర్వహణ) కార్యాలయం నుంచి, జలవనరుల శాఖ వరద కంట్రోల్ రూం నుంచే తీసుకోండి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ పంపే సందేశంలోని అంకె మీ దగ్గరున్నదానికి తేడాగా కనిపిస్తే కంగారుపడొద్దు. దాదాపు ఎప్పుడూ అది గంట తేడానే. ఒకటి 8 గంటల రీడింగ్, ఇంకొకటి 9 గంటలది. గంట రాయకుండా అంకె ఒక్కటే ఇస్తే ఒకే పత్రికలో రెండు పేజీల్లో రెండు అంకెలు వస్తాయి, మర్నాడు "అధికారుల లెక్కల్లో గందరగోళం" అని మూడో వార్త వస్తుంది.

టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) లెక్క కూడా తెలిసి ఉండాలి. లక్ష క్యూసెక్కులు గంటసేపు పారితే 0.36 టీఎంసీ, రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 10 లక్షల క్యూసెక్కులు 24 గంటలు పారితే 86.4 టీఎంసీలు. "ఒక్కరోజులో ఇన్ని టీఎంసీలు సముద్రం పాలు" అన్న హెడ్డింగ్‌కి విలేకరులు సాధారణంగా అత్యధిక ప్రవాహాన్ని తీసుకుని 24తో హెచ్చవేస్తారు. అది తప్పు, గంటగంటకీ ఉన్న ప్రవాహాల సగటు తీసుకోవాలి. మీరే లెక్కకట్టి ఇచ్చేస్తే వాళ్లు తప్పు చేసే అవసరమే రాదు. బ్యారేజీలో నిల్వ స్వల్పం కాబట్టి వరదలో వచ్చిన నీరు వచ్చినట్టే వదలాలి. "ముందే ఎందుకు వదల్లేదు, నిల్వ ఎందుకు చేయలేదు" అని అడిగేవారికి ఈ మాట చెప్పాలి, అయితే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) స్థాయి అధికారి పేరు మీద చెప్పించాలి. బ్యారేజీ నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. గేట్లు మొత్తం 175. "గేట్లన్నీ ఎత్తేశారు" అని రాసేముందు నాలుగు భాగాల్లోనూ ఎత్తారో లేదో కనుక్కోండి.

పోలికలు అడుగుతారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. 2022లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ అంకెలు ఒక కార్డు మీద రాసి జేబులో ఉంచుకోండి గానీ "1986ని మించేలా ఉంది" వంటి మాట మీ నోటినుంచి రాకూడదు. అది కేంద్ర జలసంఘం అంచనాల ఆధారంగా జలవనరుల శాఖ చెప్పవలసిన మాట.

ఒక సంగతి మీద పట్టు పట్టి చెప్తున్నాను. వరద బులెటిన్‌ని మనం పత్రిక కోసం రాస్తున్నామనుకుంటాం. దాన్ని ముందు చదివేది లంకలో గేదెలున్న రైతు, అరటితోట ఉన్న రైతు, పడవ నడిపే మనిషి. రాత్రికి పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలాలా, తెల్లవారేదాకా ఆగొచ్చా అన్నది అతను ఈ అంకె చూసే తేల్చుకుంటాడు. అందుకని బులెటిన్‌లో గ్రామం పేరు ఉండాలి. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అన్న వాక్యంతో ఎవరికీ ఉపయోగం లేదు. ఏ కాజ్‌వే మీద ఎన్ని అడుగుల నీరుంది, ఏ రేవులో పడవలు ఆపేశారు, ఏ బడిలో పునరావాస కేంద్రం తెరిచారు, అక్కడికి ఎవరు తీసుకెళ్తారు అని రాయండి.

ఇక్కడే సరిహద్దుల చిక్కు వస్తుంది. కనకాయలంక ఉన్నది పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలో, కానీ ఆ ఊరికి దారి కోనసీమ జిల్లా పి.గన్నవరం మండలం చాకలిపాలెం వైపు కాజ్‌వే మీదుగా. కాజ్‌వే మునిగిందన్న వార్త మీ విలేకరి రాస్తాడు, పడవలు, భోజనాలు ఏర్పాటు చేయాల్సింది మాత్రం అవతలి జిల్లా. ఇలాంటి ఊళ్ల జాబితా ముందే రాసుకుని భీమవరం పీఆర్వో కార్యాలయంతో మాట కలుపుకోండి. లేకపోతే రెండు జిల్లాలూ ఒకే కుటుంబాలను లెక్కేస్తాయి, లేదా రెండూ వదిలేస్తాయి. యానాం సంగతి ఇంకా వేరు. అది పుదుచ్చేరిలో భాగం, అక్కడి పరిపాలనాధికారి వేరే. యానాం ముంపు గురించి అడిగితే అక్కడి కార్యాలయాన్ని అడగమనండి. నీరు ఒకటే గదా అని మీరు అంకె ఇచ్చేయకూడదు.

ఊరిపేర్లలో పొరపాట్లు ఈ జిల్లాల్లో ఎక్కువ. పోలవరం వేరు, ఐ.పోలవరం వేరు. గన్నవరం అని ఒక్కటే రాస్తే విజయవాడ డెస్కులో కూర్చున్నవారికి విమానాశ్రయం గుర్తొస్తుంది, మీది పి.గన్నవరం. యలమంచిలి అనకాపల్లి జిల్లాలోనూ ఉంది. మీది కె.గంగవరం, ఒట్టి గంగవరం కాదు. ప్రతి నోట్‌లోనూ ఊరి పక్కన మండలం పేరు, దాని ముందుండే అక్షరంతో సహా, తప్పకుండా రాయండి. డేట్‌లైన్‌లో జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అని పూర్తిగా ఉండాలి, రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం.

నష్టం లెక్కలు. వరద తగ్గిన మర్నాడు పొద్దున్నే అడిగే ప్రశ్న "ఎన్ని ఎకరాలు పోయాయి?" వ్యవసాయ శాఖ నివేదిక హెక్టార్లలో వస్తుంది, విలేకరి ఎకరాల్లో రాస్తాడు. హెక్టారుకు 2.47 ఎకరాలు. ఆ మార్పిడి మీరే చేసి ఇవ్వండి, రెండు ప్రమాణాలూ ఒకే నోట్‌లో కలపకండి. నీట మునిగిన విస్తీర్ణం, పంట నష్టపోయిన విస్తీర్ణం ఒకటి కావు. సార్వా (ఖరీఫ్) నాట్లు రెండు రోజులు మునిగి తేరుకోవచ్చు, నారుమడి కుళ్లిపోవచ్చు. 33 శాతం, ఆపైన నష్టపోయిన పంటకే పెట్టుబడి రాయితీ వర్తిస్తుంది కాబట్టి "నష్టం" అన్న మాట పడగానే రైతు డబ్బులొస్తాయనుకుంటాడు. లెక్క పూర్తయ్యేదాకా "ప్రాథమిక అంచనా ప్రకారం ముంపులో ఉన్న విస్తీర్ణం" అనే రాయండి. కొబ్బరి, అరటి, కంద, కూరగాయలు ఉద్యాన శాఖ లెక్కలోకి వస్తాయి, వరి వ్యవసాయ శాఖది. రెండూ అడిగి తీసుకోండి. లంకల్లో నష్టం ఎక్కువగా ఉద్యాన శాఖ జాబితాలోనే ఉంటుంది.

పునరావాస కేంద్రాల్లో ఉన్నవారి లెక్క కూడా జాగ్రత్త. తహసీల్దార్ల నివేదిక, పంచాయతీల నివేదిక రెండూ వచ్చినప్పుడు కూడేయకండి, అవి అవే మనుషులు. భోజనాల సంఖ్యను మనుషుల సంఖ్యగా రాయడం ఇంకో తప్పు. మూడు పూటలా తిన్న వెయ్యిమంది మూడు వేలు కారు.

తుఫాను వచ్చినప్పుడు వాతావరణ శాఖ మాటలను అటూ ఇటూ మార్చకండి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను: ప్రతి దశకీ గాలి వేగం పరిమితి ఉంది. గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే తుఫాను, 89 చేరితే తీవ్ర తుఫాను. వాయుగుండం దశలోనే "తుఫాను" అని నోట్ పంపితే ఓడలరేవు, అంతర్వేది వైపు జాలరులు ఒకసారి నమ్మి ఒడ్డుకొస్తారు. రెండోసారి నిజంగా వచ్చినప్పుడు తటపటాయిస్తారు. వర్షానికీ అంతే: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో పెద్దవాళ్లందరికీ గుర్తుంది. అక్కడ ఈ మాటల్ని జనం ప్రాణభయంతో చదువుతారు, కాబట్టి అలంకారాలు వద్దు.

ప్రెస్ నోట్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, జర్నలిజం చదివారు. ఆచరణలో తప్పేవి మాత్రం చెప్తాను. 250 మాటలు దాటకండి. సమీక్షా సమావేశానికి హాజరైన పన్నెండుమంది అధికారుల పేర్లతో మొదలుపెట్టొద్దు, అవి ఆఖరి పేరాలో ఉండాలి. మొదటి వాక్యంలో జనానికి ఏం మారిందో ఉండాలి. "కలెక్టర్ సమీక్షించారు" వార్త కాదు. "ఫలానా తేదీ నుంచి కాలువలు కట్టేస్తున్నారు" అన్నది వార్త, దాళ్వా (రబీ వరి) రైతు ఎదురుచూసేది దానికోసమే. ధాన్యం కొనుగోళ్ల నోట్‌లో క్వింటాలు ధర ఒక్కటే ఇవ్వకండి, ఇక్కడ బేరం 75 కిలోల బస్తా లెక్కన నడుస్తుంది. 2025–26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే బస్తా 1,776.75. గ్రేడ్-ఎ రకం 2,389, బస్తా 1,791.75. తేమ 17 శాతం లోపు ఉండాలన్న మాట కూడా ఆ పక్కనే ఉండాలి, రైతుకు ధర తగ్గేది అక్కడే.

నోట్‌ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా పంపితే డెస్కులో ఎవరూ మళ్లీ టైపు చేయరు, వార్త సగమై వస్తుంది. యూనికోడ్‌లో కాపీ చేసుకునేలా పంపండి, సంతకం చేసిన ప్రతి మీ ఫైల్లో ఉంటుంది. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి ఆరంగుళాల వెడల్పు బొమ్మకు కనీసం 1,800 పిక్సెళ్లు ఉండాలి. ఫొటో కింద ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఎక్కడో, ఏ రోజో రాయండి. సహాయం అందుకుంటున్నవారి ముఖాలు కెమెరావైపు తిప్పించి ఫొటోలు తీయించకండి. ఇల్లు మునిగి వచ్చిన మనిషిని అలా నిలబెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. పైగా అలాంటి ఫొటో మర్నాడు శాఖకే ఎదురు తిరుగుతుంది.

డెస్కు వేళలు పత్రిక పత్రికకీ మారతాయి, చేరిన మొదటి వారంలోనే ఒక్కొక్క బ్యూరోనీ అడిగి రాసుకోండి. సాధారణంగా సాయంత్రం 6 లోపు చేరిన నోట్‌కి చోటు దొరుకుతుంది, 8 దాటాక చేరినదానికి ముక్క మిగులుతుంది. ప్రెస్ మీట్ ఉదయం 11, 12 మధ్య పెట్టించండి. చెప్పబోయే అంకెల కాగితం మీట్‌కి ముందే ఇచ్చేస్తే ప్రశ్నలు అంకెల మీద కాకుండా విషయం మీద వస్తాయి. టీవీవాళ్లకు ముప్పై సెకన్ల బైట్ విడిగా ఇప్పించండి.

వరదలో విలేకరుల్ని లంకలకు తీసుకెళ్లాల్సి వస్తే వాళ్లకు విడిగా పడవ, అందరికీ లైఫ్ జాకెట్లు, ఎక్కినవారి పేర్ల పట్టీ ఒడ్డున ఒకరి దగ్గర ఉండాలి. జాకెట్లు చాలకపోతే ప్రయాణం మానేయండి. ఎంత ఒత్తిడి వచ్చినా సరే.

ఫోన్లు. రాత్రి పదకొండుకి "ఏటిగట్టుకి గండి పడిందట" అని ఫోన్ వస్తుంది. అవుననీ కాదనీ అనకండి. ముందు అతన్నే అడగండి: ఏ ఊరి దగ్గర, ఎవరు చూశారు, ఫొటో ఉందా. తర్వాత ఆ సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కి), అందకపోతే ఆ గట్టు మీద తిరిగే లస్కర్‌కి, ఊరి వీఆర్వోకి ఫోన్ చేయండి. ఎన్నో కిలోమీటరు దగ్గరో, గండి పడిందో, గట్టు జారిందో, లేక తూము దగ్గర నీరు ఊటగా కారుతోందో తెలుసుకోండి. ఈ మూడూ వేర్వేరు. జనానికి మూడూ "గండి"గానే వినిపిస్తాయి. ఈలోపు ఇవ్వాల్సిన మాట ఇంతే: "సమాచారం అందింది. ఇంజినీర్లు అక్కడికి బయలుదేరారు. నిర్ధారించిన వివరాలు పన్నెండు గంటలకు ఇస్తాం." పన్నెండుకి కొత్తగా ఏమీ తెలియకపోయినా ఫోన్ చేసి "ఇంకా చేరలేదు, ఒంటిగంటకు చెప్తాం" అని చెప్పాలి. ఆ ఒక్క ఫోన్ చేయకపోవడం వల్లే ఎక్కువ పుకార్లు అచ్చులోకి ఎక్కుతాయి. ఫోన్ తీయకపోవడం, "నాకు తెలీదండి" అని పెట్టేయడం రెండూ ఒకటే.

పాత వరద వీడియోలు ప్రతి ఏడూ తిరుగుతాయి. ఖండించేటప్పుడు ఆ వీడియోని అలాగే మళ్లీ పంపకండి, ఒక ఫ్రేము తీసి దానిమీద అడ్డంగా "పాతది" అని పెద్దక్షరాలతో వేసి, అదే చోట ఇప్పుడు తీసిన ఫొటోని గంటతో సహా పక్కన పెట్టండి.

వాట్సాప్ గ్రూపు అడ్మిన్లు మాత్రమే పంపేలా ఒకటి ఉంచండి, ప్రశ్నలకు వేరేది. తప్పు అంకె వెళ్లిపోతే సందేశం తుడిచేసి ఊరుకోకండి, అప్పటికే స్క్రీన్‌షాట్లు వెళ్లిపోయి ఉంటాయి. "సవరణ" అని పైన రాసి, ఏది తప్పు, ఏది సరైనదో, ఏ గంట బులెటిన్‌కి సవరణో చెప్పి మళ్లీ పంపండి. టీవీ స్క్రోలింగ్ ఆపించడానికి ఫోన్ కూడా చేయాలి.

ఉద్యోగుల ప్రవర్తన నియమావళి (ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్, 1964) మీకూ వర్తిస్తుంది. మీరు మాట్లాడేది శాఖ తరఫున, అనుమతించిన మేరకే. "రాయొద్దు సార్, మనలో మాట" అని చెప్పేది ఏదైనా రేపు అచ్చయినా పర్వాలేదనుకుంటేనే చెప్పండి.

ప్రమాదాలు, మరణాలు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగినప్పుడు అందులో ఎంతమంది ఉన్నారన్న లెక్క మొదటి రోజుల్లో మారుతూనే వచ్చింది. పడవ బయటికి వచ్చింది అక్టోబరు 22న. అలాంటప్పుడు "ఎక్కినవారు", "బయటపడినవారు", "మృతదేహాలు లభ్యమైనవి", "ఆచూకీ తెలియనివారు" అని నాలుగు గడులు పెట్టుకుని ప్రతి గడికీ మూలం రాయాలి: రేవు టికెట్ల పట్టీ, ఆసుపత్రి, పోలీసులు, బంధువుల ఫిర్యాదులు. నాలుగూ కలిపి సరిపోకపోతే సరిపోలేదనే చెప్పండి, సరిపెట్టకండి. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలినప్పుడు కాలిన గాయాలతో ఆసుపత్రుల్లో చేరినవారు తర్వాతి రోజుల్లోనూ చనిపోయారు. అగ్ని ప్రమాదంలో మొదటిరోజు సంఖ్యే ఆఖరి సంఖ్య అన్నట్టు రాయకూడదనడానికి ఇదే కారణం. చమురు, గ్యాస్ బావులూ పైపులూ ఉన్న జిల్లా మీది, ఇది తప్పకుండా అవసరపడుతుంది. మరణవార్త కుటుంబానికి చేరిందని పోలీసులు చెప్పాకే పేరు విడుదల చేయండి.

లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉన్నాయి. పేరు తీసేస్తే సరిపోదు. చిన్న ఊళ్లో బడి పేరు, వీధి పేరు, తండ్రి చేసే పని రాసినా అందరికీ తెలిసిపోతుంది. మంత్రి పరామర్శకు వెళ్లినప్పుడు ఇంటి ఫొటో పంపడం దగ్గర ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది.

వ్యతిరేక వార్తలకు జవాబు. క్లిప్పింగ్ రాగానే శాఖ నుంచి "ఖండించండి" అని ఒత్తిడి వస్తుంది. వార్తలో తప్పు వాస్తవం ఉంటేనే ఖండన పంపండి. విమర్శ నచ్చకపోవడం కారణం కాదు. సమస్య నిజమైతే "చర్య తీసుకున్నాం" అన్న వివరణ చాలు, అది కూడా పని నిజంగా జరిగాకే, ఫొటోతో. ఖండనలో వార్త తేదీ, పేజీ, హెడ్డింగ్, అందులోని తప్పు వాక్యం, సరైన వాస్తవం, ఆధారం ఉండాలి. విలేకరి ఉద్దేశాల గురించి ఒక్క మాటా ఉండకూడదు. అదే రోజు సాయంత్రంలోపు బ్యూరోకి చేరాలి. ప్రకటనలకూ అక్రిడిటేషన్‌కూ (విలేకరికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకూ) వార్తలకూ ముడిపెట్టి మాట్లాడమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. అక్రిడిటేషన్ సంగతి కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ నిబంధనల ప్రకారం తేల్చేది. మండల స్థాయి విలేకరికి ఆ కార్డు బతుకుతెరువుతో ముడిపడిన విషయం, దాన్ని బెదిరింపుగా వాడటం అన్యాయం.

ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చిన గంట నుంచి పథకాల నోట్లు, మంత్రుల ఫొటోలు ఆగిపోతాయి. మీ బృందం మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ పనికి వెళ్తుంది. వరద, తుఫాను హెచ్చరికలకు మాత్రం అడ్డు లేదు, వాటిలో రాజకీయ నాయకుల పేర్లు లేకుండా చూసుకోవాలి.

చేరిన మొదటి వారంలో చేయాల్సినవి: ధవళేశ్వరం వెళ్లి గేజీని కళ్లతో చూసి రీడింగ్ ఎలా తీస్తారో అడగండి. హెడ్‌వర్క్స్, మూడు డెల్టా డివిజన్ల ఈఈలు, గట్టు సెక్షన్ల ఏఈలు, లంక గ్రామాల వీఆర్వోలు, మత్స్యశాఖ పడవల బాధ్యులు, జిల్లా ఆసుపత్రి పర్యవేక్షకులు, పోలీసు కంట్రోల్ రూం నంబర్లు కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి. కరెంటు పోయి ఫోన్ ఆరిపోయిన రాత్రి పనికొచ్చేది ఆ కాగితమే. చార్జ్ తీసుకునేటప్పుడు గత మూడేళ్ల వరద బులెటిన్ల ఫైలు అడిగి తీసుకోండి, ఏ మట్టం దగ్గర ఏ కాజ్‌వే మునిగిందో అందులో ఉంటుంది. దాన్ని ఒక పట్టికగా చేసుకుంటే ఈ జులైలోనే వాడుకోవచ్చు.